ఒకే రోగి, నాలుగు వృత్తులు: మానసిక ఆరోగ్య శిక్షణలో ఎడబాటు

ఢిల్లీ తూర్పు అంచున, దిల్షాద్ గార్డెన్‌లోని ‘ఇహ్‌బాస్’ 1966లో షాహ్‌దరా మానసిక వ్యాధుల ఆసుపత్రిగా ఆరంభమైంది. అక్కడి దుస్థితిపై దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో, బెంగళూరులోని నిమ్‌హాన్స్ తరహాలో దానిని తీర్చిదిద్దాలని సర్వోన్నత న్యాయస్థానం ఆదేశించింది. ఫలితంగా 1993లో అది స్వయంప్రతిపత్తి గల సంస్థగా రూపుదాల్చింది. పేరు మారడం చిన్న సంగతి. రోగులను నిర్బంధించిన చోటు బోధనాలయం కావడమే అసలు మార్పు.

ఈ బోధనకు ఒక్క వైద్యశాస్త్రం చాలదు. స్కిజోఫ్రీనియాతో చేరిన యువకుని ఉదాహరణగా తీసుకుందాం. మనోరోగ వైద్యుడు వ్యాధిని నిర్ధారించి మందులు నిర్ణయిస్తారు. క్లినికల్ సైకాలజిస్టు పరీక్షలు, మానసిక చికిత్స నిర్వహిస్తారు. రేయింబవళ్లు కనిపెట్టి ఉండేది నర్సు. ఇంటికి వెళ్లాక అతడు మందులు ఎందుకు మానేశాడో – ఖర్చు వల్లనా, పెళ్లి సంబంధం చెడుతుందన్న భయం వల్లనా – ముందుగా తెలిసేది సామాజిక కార్యకర్తకే. ఆ సమాచారం వైద్యునికి చేరకపోతే మోతాదు పెంచడమే మార్గంగా తోస్తుంది!

అయినా ఈ నలుగురి చదువులు వేర్వేరు దారుల్లో సాగుతాయి. వైద్యులకు జాతీయ వైద్య కమిషన్, సైకాలజిస్టులకు భారత పునరావాస మండలి, నర్సులకు నర్సింగ్ మండలి ఉన్నాయి. మనోరోగ సామాజిక కార్యకర్తలను 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం గాని నియంత్రణ పరిధిలోకి తేలేదు. కలిసి పనిచేయవలసినవారు ఉద్యోగంలో చేరాకనే ఒకరి భాష ఒకరు నేర్చుకోవలసి వస్తున్నది.

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ఈ బాధ్యతను ప్రభుత్వాలపై మోపింది. ఉన్నత విద్యాసంస్థలతో కలిసి శిక్షణ కార్యక్రమాలు రూపొందించాలి. ప్రభుత్వ ఆసుపత్రులు, కారాగారాల వైద్యాధికారులకు ప్రాథమిక మానసిక వైద్యంలో తర్ఫీదు ఇవ్వాలి. ఇది కొత్త ఆలోచన కాదు. తెలుగువారు గణనీయంగా ఉన్న బళ్లారి జిల్లాలో 1980లలోనే నిమ్‌హాన్స్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ ప్రయోగమే నమూనా.

నిపుణుల సంఖ్యను అంతర్జాతీయ ప్రమాణాలకు చేర్చేందుకు చట్టం పెట్టిన గడువు పదేళ్లు. ఈలోగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఎం.ఫిల్.ను రద్దు చేసింది. క్లినికల్ సైకాలజీ, మనోరోగ సామాజిక సేవ రంగాల్లో ప్రవేశానికి ఆధారం ఆ రెండేళ్ల కోర్సే కావడంతో, వాటికి మాత్రం 2025–26 విద్యాసంవత్సరం వరకు మినహాయింపునిచ్చింది. చట్టం విధించిన పదేళ్ల గడువు 2028 మేలో ముగుస్తుంది.