రాజ్యం మన పేరు మొదట ఏ పుస్తకంలో రాసింది?

గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లం రాజ్యం గురించిన సిద్ధాంతాలు బట్టీ పడుతుంటాం. హాబ్స్, లాక్, మార్క్స్ అని వరసగా అప్పజెప్తాం. ఉదాహరణలు మాత్రం ఎప్పుడూ యూరప్‌వే. ఈసారి వాటిని మన ఎరుకల, సుగాలీల చరిత్ర పక్కన పెట్టి చూద్దాం.

రైళ్లు రాకముందు కోస్తా ఉప్పుని లోపలి ఊళ్లకి, అక్కడి ధాన్యాన్ని ఇటువైపుకి గాడిదల మీద, ఎడ్ల మీద మోసింది మనవాళ్లే. రైలు, ఉప్పు మీద సర్కారు పెత్తనం కలిసి ఆ వ్యాపారాన్ని మింగేశాయి. 1882 మద్రాసు అటవీ చట్టంతో మేతకి, వెదురుకి కూడా అడ్డుకట్ట పడింది. బతుకుతెరువు పోయి తిరిగేవాళ్లని సర్కారు దొంగలుగా చూసింది. 1871లో ఉత్తరాదిన పెట్టిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలవాళ్లని, కొన్నిచోట్ల సుగాలీలని కూడా అందులో చేర్చారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే చీటీ. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఆ రోజుల్లో పుట్టిందే. సాల్వేషన్ ఆర్మీ నడిపింది. అక్కడివాళ్లు చీరాల పొగాకు కంపెనీలో కూలికి వెళ్లేవాళ్లు.

ఇప్పుడు సిద్ధాంతాలకొద్దాం. హాబ్స్ 1651లో ఏమన్నాడు? రాజ్యం లేకపోతే అందరికీ అందరితో యుద్ధమే, అందుకే జనం ఒప్పందం చేసుకుని రాజ్యాన్ని పెట్టుకున్నారని. మనకి భయం పోలేదు, రాజ్యంతోనే వచ్చింది. ఒప్పందం మీద మన వేలిముద్ర లేదు, పోలీసు రిజిస్టర్లో ఉంది. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి కాపాడటమే రాజ్యం పని అన్నాడు లాక్. కానీ దున్ని సాగుచేసిన భూమే ఆస్తి, మిగతాది బీడు అన్నది కూడా ఆయనే. తిరిగి బతికేవాడికి ఆ లెక్కలో చోటెక్కడ?

మార్క్స్ దగ్గరకొస్తే కొంత వెలుగు కనిపిస్తుంది. రాజ్యం ఆస్తిపరుల పనులు చక్కబెడుతుందన్నాడు. పొగాకు కంపెనీకి చవక కూలీలు ఎలా దొరికారో దీంతో తెలుస్తుంది. కానీ పుట్టిన బిడ్డ కూడా దొంగే అని ఎందుకు రాశారో కూలి లెక్క ఒక్కటే చెప్పలేదు. అక్కడ మనకి అంబేడ్కర్ కావాలి. పుట్టుకతో మనిషి విలువ కట్టేది సమాజం. బ్రిటిష్‌వాడు దానికి చట్టం ముద్ర వేశాడు. రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత్వం కలిసి ఎక్కువకాలం నడవవని 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలోనే ఆయన హెచ్చరించాడు. అదే సభలో 1946 డిసెంబర్ 19న జైపాల్ సింగ్ ముండా, ఆదివాసీలకి ప్రజాస్వామ్యం నేర్పాల్సిన పనిలేదు, వాళ్ల దగ్గరే నేర్చుకోండి అన్నాడు.

మద్రాసులో ఆ చట్టం 1947లో రద్దయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న. దాని బదులు అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. అనుమానం మాత్రం పోలేదు.

నాకు అర్థమైంది ఇదీ. ఒక జాబితా మనల్ని పుట్టుకతో నేరస్థుల్ని చేసింది. ఇంకో జాబితా, ఎస్టీ జాబితా, మనకి హక్కులిచ్చింది. రెండూ రాజ్యం రాసినవే. మన జి. కొండూరు, మైలవరం వైపు ఐదో షెడ్యూలు ప్రాంతం కాదు, 1/70 చట్టం మన భూముల్ని కాపాడదు. కాబట్టి మైదాన ప్రాంత గిరిజనులకి ఆ జాబితా, చదువు, ఓటు, ఇవే ఆసరా. రాజ్యం మంచిదా చెడ్డదా అని పరీక్షలో అడిగితే సిద్ధాంతం రాయండి. బయట మాత్రం, ఈ జాబితా ఎవరు రాస్తున్నారు, రాసేచోట మనవాళ్లు ఎంతమంది ఉన్నారు అని అడగండి.

మీ ఇళ్లల్లో పెద్దవాళ్లకి హాజరు రోజుల కబుర్లు తెలిస్తే ఇప్పుడే అడిగి రాసుకోండి. సర్కారు రాసుకున్న పుస్తకాలు ఉన్నాయి, మనం రాసుకున్నవే తక్కువ.