మూడు కత్తులు, ఆవుపాలు

పోయిన శ్రావణంలో మా తమ్ముడి కూతురు మొయినాబాద్‌లోని మా ఇంటికొచ్చి మూడు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. లగ్గంకోటు రాసుకున్నాక పెళ్లి తప్పిపోయింది. పిల్లవాడు ఒక్క మెసేజ్‌తో తేల్చేశాడు. నాలుగో రోజు పొద్దున చాయ్ తాగుతూ ఫోన్ నా ముందుకు జరిపింది. తెరమీద ఎర్రటి గుండె, దాంట్లోకి దిగిన మూడు కత్తులు, వెనక బూడిదరంగు మబ్బులు, ఏటవాలుగా వాన గీతలు.

"టారో చెప్పేటామె తీసింది అత్తా. నాకు వచ్చింది ఇదే. రాసే ఉన్నది ఇగ."

చేవెళ్ల బడిలో ముప్పయ్యేళ్లు సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని. బొమ్మ కనిపిస్తే ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు అని వెతకడం నాకు అలవాటు. 'రాసే ఉన్నది' అన్న మాట కూడా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఎవరు రాశారో చూద్దామని కూర్చున్నాను.

ఆ బొమ్మ ఉన్న టారో పేక, అంటే జోస్యం చెప్పే ముక్కల కట్ట, 1909లో లండన్‌లో అచ్చయింది. వేసింది విలియం రైడర్ అండ్ సన్ ప్రచురణ సంస్థ. ఎట్లా ఉండాలో చెప్పినవాడు ఎ. ఇ. వెయిట్, 78 కార్డులకూ బొమ్మలు గీసింది పమేలా కోల్మన్ స్మిత్. పని ముగిశాక ఆమె న్యూయార్క్‌లోని ఫొటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్‌కు ఉత్తరం రాస్తూ, చాలా పెద్ద పని చేశాను, చేతికొచ్చింది మాత్రం బహుస్వల్పం అని చెప్పుకుంది. 1951లో బ్యూడ్ అనే సముద్రతీరపు ఊళ్లో చనిపోతే అప్పులు తీర్చడానికి ఇంట్లో సామాను వేలం వేశారు. ఆ పేకను చాలాకాలం రైడర్, వెయిట్‌ల పేర్లతోనే పిలిచారు. ఆమె పేరు చేర్చడం ఈమధ్యే మొదలైంది. ఎన్ని దేశాల్లో ఎంతమంది ఆడపిల్లలు ఆ గుండె బొమ్మ చూసి ఏడ్చి ఉంటారో! గీసిన మనిషికి దక్కింది అంతే. నాకది చాలా బాధ కలిగించింది.

గుండెలో మూడు కత్తులన్న ఊహ కూడా ఆమెది కాదు. పదిహేనో శతాబ్దం చివర ఇటలీలో చెక్కిన సోలా బుస్కా అనే పేకలో అచ్చం అట్లాంటి బొమ్మే ఉంది. దాని ఫొటోలు 1907లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. రెండేళ్లకు స్మిత్ బొమ్మలు వచ్చాయి. ఇటలీలో ఈ టారో ముక్కలు జమీందార్లు, దొరలు పొద్దుపోక ఆడుకున్నవి. మన నిర్మల్ చిత్రకారులు గుండ్రటి గంజీఫా ముక్కలకు రంగులు వేసినట్టే అక్కడి చిత్రకారులు వాటికి వేశారు. వాటిలో ఈజిప్టు రహస్యాలున్నాయని 1781లో పారిస్‌లో కూర్ ద జెబ్లాఁ అనే పండితుడు రాశాక, ఎతేయా అనే ఆయన వాటితో జాతకం చెప్పడం మొదలుపెట్టాడు. అంతకుముందు మూడు వందల ఏళ్లు ఆ ముక్కలతో ఆడిన ఆట ఆటే.

ఇదంతా చెప్తే మా పిల్ల విన్నది, కానీ ముఖం విప్పారలేదు. "మరి ఈ వాన?" అంది. వాన అంటే కన్నీళ్లని చెప్పిందట ఆ టారో ఆమె.

అక్కడ నేను ఊరుకోలేకపోయాను. ఇంగ్లండులో వాన దిగులుకు గుర్తేమో. చేవెళ్ల పక్క మొగులైతే ముఖాలు వెలుగుతాయి. బోరూ బాయీ తప్ప వేరే దిక్కులేని నేల ఇది. క్యారెట్ వేసినవాడైనా, బంతి, చామంతి తోట పెట్టినవాడైనా మెడ ఎత్తి చూసేది పడమటి మొగులునే. వాన చంపదని అననూ లేను. ఆ బొమ్మ రావడానికి ఏడాది ముందు, 1908 సెప్టెంబర్ 28న, మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమందిని మింగింది. ఆ దుఃఖంలోంచే 1909లో ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. మూసీమీద గండిపేట చెరువు 1920లో, ఈసీమీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. జనాన్ని ముంచిన వాననే కట్ట కట్టి నిలిపితే నగరం దాహం తీరింది. ఆ రెండు చెరువుల్లోకి పారే నీళ్లను కాపాడటానికే 1996లో 111 జీవో తెచ్చారు. దాని కిందికి వచ్చిన 84 ఊళ్లలో మావీ ఉన్నాయి. మా పిల్ల పుట్టి పెరిగింది ఆ నీళ్లు తాగే. వాన గీతలు చూసి కన్నీళ్లేనని ఎట్లా నమ్మింది?

మా చిన్నమ్మ గుర్తొచ్చింది. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆమె మొగుడు ఇంకొకామెను తెచ్చుకుంటే పుట్టింటికి వచ్చేసింది. నెలరోజులు ఆమె నోట మాట లేదు. ఒక మధ్యాహ్నం బుట్టలు, చేటలు అమ్ముకుంటూ ఒక ఎరుకలామె వచ్చింది. మా అమ్మమ్మ ఆమెను అరుగుమీద కూర్చోబెట్టి, చేటలో బియ్యం పోసి, పసుపు కుంకుమ పెట్టి చిన్నమ్మను పిలిచింది. ఎరుకలామె చిన్నమ్మ అరచేతిని పట్టుకుని కర్రతో తాకి, దేవతలందరినీ తలచుకుంది. తర్వాత ఆమె చెప్పిన జోస్యం నాకేమీ గుర్తులేదు. ఒక్కమాట గుర్తుంది.

"ముల్లు ఏడ దిగిందో ముట్టుకుంటెనే ఎరుకైతది బిడ్డా. ఏడ ముట్టుకోవాల్నో నువ్వే చెప్పాలె."

అంతే. చిన్నమ్మ చెప్పడం మొదలుపెట్టింది. పొద్దు వాలేదాకా చెప్పింది. ఎరుకలామె బుట్టలు అమ్ముకోవడం మానేసి విన్నది. అమ్మమ్మ బియ్యంతోపాటు తన పాత చీర కూడా పెట్టి పంపింది. ఏడాది తిరక్కుండా చిన్నమ్మ చేవెళ్లలో కుట్టుమిషన్ పెట్టుకుంది.

మా భాషలో ఎరుక అంటే తెలిసి ఉండటం. 'ఎరుకేనా?' అని రోజూ అడుగుతాం. వేంకటేశ్వరుడి కథలో దేవుడు కూడా ఆ వేషమే కట్టాడు. పద్మావతి చెలికత్తెలు రాళ్లు విసిరితే గుర్రాన్ని పోగొట్టుకుని, మనసు విరిగి కొండకు తిరిగివచ్చిన శ్రీనివాసుడు ఎరుకలసానిగా ఆకాశరాజు ఇంటికి వెళ్లి, బిడ్డకు వచ్చింది జ్వరం కాదు, వలపు అని రాణి ధరణీదేవికి చెప్పాడు. తరిగొండ వెంగమాంబ ఆ కథను తెలుగులో కావ్యం చేసింది. ఆమె చిన్ననాడే భర్తను పోగొట్టుకున్నది. అరుగులమీద కూర్చుని మనుషుల దుఃఖం విన్న ఆ ఎరుకల జనాన్ని బ్రిటిష్ ప్రభుత్వం పుట్టుకతోనే నేరస్థులన్నది. 1871లో తెచ్చిన చట్టాన్ని మద్రాసు రాజ్యంలో 1911లో అమలు చేశారు. స్వతంత్రం వచ్చాక, 1952లోగానీ ఆ ముద్ర పోలేదు. ఈ పాఠం పిల్లలకు చెప్పిన ప్రతిసారీ నా గొంతు పూడుకుపోయేది.

బొమ్మల ముక్కలతో జోస్యం చెప్పే చిలకజోస్యం వాళ్లూ మా దిక్కు ఉండేవాళ్లు. చిలుక ముక్కుతో తీసిన కార్డుమీద రాముడో, సీతో, ఏసుతో ఉన్న మేరీమాతో కనిపించేది. చిలుకను పట్టి పంజరంలో పెట్టడాన్ని వన్యప్రాణి చట్టం నేరం చేశాక వాళ్లు తగ్గిపోయారు. చిలుకకు మేలే జరిగింది.

ఆ నాలుగో రోజు సాయంత్రం పిల్లను చిలుకూరు బాలాజీ గుడికి తీసుకెళ్లాను. మా ఇంటికి దగ్గరే. వీసా బాలాజీ అని లోకం అంటుంది గానీ నేను ఆమెకు చెప్పదలచుకున్నది స్థలపురాణం. ఏటా తిరుమల వెళ్లే భక్తుడొకడు జబ్బుతో పోలేకపోతే స్వామి కలలోకి వచ్చి, పక్క అడవిలోనే ఉన్నాను, దిగులెందుకు అన్నాడు. చెప్పిన చోట పుట్ట తవ్వుతుంటే గొడ్డలి విగ్రహానికి తగిలింది. గడ్డం దగ్గరా ఎదమీదా గాయమై నెత్తురు ఉబికింది. తవ్వినవాడు కొయ్యబారిపోయాడు. ఆవుపాలతో ఈ చోటు తడపండి అని మాట వినిపించింది. పాలు పోసి తీస్తే శ్రీదేవి, భూదేవితో స్వామి బయటపడ్డాడు.

"ఎదల ఇనుము దిగిన బొమ్మ మన ఊళ్లోనూ ఉన్నది బిడ్డా" అన్నాను. "నీ ఫోన్‌ల కత్తులు దిగినకాడ్నే బొమ్మ ఆగింది. మనవాళ్లు పాలు పోసినదాకా చెప్పిన్రు."

ఆమె ఏమీ అనలేదు. గుళ్లో హుండీ లేదు. చేతిలో గళ్ల కాగితం పట్టుకుని 108 ప్రదక్షిణలు తిరిగేవాళ్లు గబగబా మమ్మల్ని దాటి పోతున్నారు. కోరిక తీరినవాళ్లు వాళ్లు. కోరుకునేవాళ్లు 11 తిరగాలి. మేం ఏదీ కోరుకోకుండానే మొదలుపెట్టాం. నాలుగో చుట్టులో ముక్కు ఎగబీల్చింది. ఏడో చుట్టులో, "వాడు ఫస్ట్ టైం మనింటికి వచ్చినప్పుడు నువ్వు లేవు కదా అత్తా" అని మొదలుపెట్టింది. లెక్క నేను పెట్టుకుంటున్నాననుకుని ఆమె, ఆమె పెట్టుకుంటుందని నేను తిరుగుతూనే ఉన్నాం.

బయటికొచ్చేసరికి చీకటి పడుతోంది. బొగ్గులమీద మక్క కంకులు కాలుస్తుంటే రెండు తీసుకున్నాం. ఎన్ని చుట్లు తిరిగామో ఇద్దరికీ తెలియలేదు. ఇంటిదాకా, కంకి ఒలుచుకుంటూ, ఆమె చెప్తూనే ఉంది.