ఆగస్టు సెలవులు, ఊరి సంబరాలు – ఫ్రాన్సు పల్లెల చరిత్ర



సెలవు అనే మాటకున్న విలువ మనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. క్యాజువల్ లీవు, ఎర్న్‌డ్ లీవు, లీవు సరెండరు, ఎల్.టి.సి. – ఈ మాటల మధ్యనే మన ముప్పై, ముప్పై అయిదేళ్ళు గడిచాయి. గుమాస్తాగా నేను ఎందరివో లీవు అకౌంట్లు రాశాను. అయితే జీతంతో కూడిన సెలవు సామాన్య మానవునికి ఎప్పుడు దక్కింది? ఆ సెలవుకూ ఊరి జాతరకూ ఉన్న సంబంధమేమిటి? ఈ ప్రశ్నలకు చక్కని జవాబు ఫ్రాన్సు దేశపు పల్లెల చరిత్రలో దొరుకుతుంది.

వేసవి అనగానే మనకు ఏప్రిల్, మే నెలలు గుర్తుకు వస్తాయి. అక్కడ వేసవి జూన్ చివరలో మొదలై సెప్టెంబరు మూడవ వారం దాకా ఉంటుంది. గోధుమ కోతలు ముగిసి, ద్రాక్ష కోతలు మొదలయ్యే ఆ చివరి రోజుల్లోనే ఊరూరా జాతరలు, సంతలు, విందులు జరుగుతాయి. వాటి వెనుక రాజులున్నారు, చర్చి ఉంది, కార్మికులున్నారు. మనబోటి గుమాస్తాలు కూడా ఉన్నారు.

ఆగస్టు 15 – అక్కడా సెలవే

ఆగస్టు 15 మనకు జెండా పండుగ. ఫ్రాన్సులో కూడా ఆ రోజు ప్రభుత్వ సెలవే, కానీ కారణం వేరు. అది మరియమాత మోక్షారోపణ పండుగ. దీనికి రాజముద్ర వేసినవాడు 13వ లూయీ. వారసుడు లేక ఏళ్ళ తరబడి బెంగపడిన ఆ రాజు, 1638 ఫిబ్రవరి 10న తన రాజ్యాన్ని మరియమాతకు అంకితం చేస్తూ, ఏటా ఆగస్టు 15న చర్చిలన్నిటా ఊరేగింపులు జరపాలని శాసనం చేశాడు. అప్పటికే రాణి గర్భవతి. ఆ సెప్టెంబరు 5న పుట్టిన కొడుకే తరువాత 14వ లూయీ అయ్యాడు.

విప్లవం తరువాత నెపోలియన్ వచ్చి మతపరమైన సెలవులను బాగా తగ్గించాడు. ఆదివారాలు కాక 1802లో నాలుగే మిగిలాయి. వాటిలో ఆగస్టు 15 ఒకటి. ఆయన పుట్టినరోజు కూడా 1769 ఆగస్టు 15 కావడం విశేషం! 1806లో ‘సెయింట్ నెపోలియన్’ పేరిట ఆ రోజును సామ్రాజ్య పండుగగా ప్రకటించాడు. ఆయన తమ్ముని కుమారుడు మూడవ నెపోలియన్ 1852లో దానిని పునరుద్ధరించాడు. 1870 యుద్ధంలో ఆ ప్రభుత్వం కూలిపోయింది. 1880లో రిపబ్లికు ప్రభుత్వం జూలై 14ను జాతీయ దినోత్సవంగా ఎన్నుకున్నది. 1905లో చర్చిని, ప్రభుత్వాన్ని చట్టరీత్యా విడదీశారు. అయినా ఆగస్టు 15 సెలవు మాత్రం చెక్కు చెదరలేదు.

ఊరి పునీతుడు – ఊరి జాతర

మన ఊళ్ళకు గ్రామదేవత ఉన్నట్లు, అక్కడ ప్రతి ఊరి చర్చికి ఒక పునీతుడు ఉంటాడు. ఆయన పేరిట ఏడాదికొకసారి ఊరి పండుగ. దాని పేరు ప్రాంతానికొక తీరుగా ఉంటుంది. ఉత్తరాన దుకాస్ అనీ, కెర్మెస్ అనీ అంటారు. బ్రిటనీలో పార్దోఁ, లియోఁ పరిసరాలలో వోగ్, దక్షిణాన ఫెత్ వోతీవ్.

ఆగస్టు 16 సెయింట్ రోక్ పండుగ. ప్లేగు నుండి కాపాడే పునీతుడని ఆయనకు పేరు. తొడ మీద పుండు చూపిస్తూ, పక్కన కుక్కతో ఆయన విగ్రహం ఉంటుంది. మశూచి, కలరా భయంతో మన పెద్దలు పోలేరమ్మకు మొక్కుకున్నట్లే, మహమ్మారి వచ్చిన ఊళ్ళవారు ఆయనకు మొక్కుకున్నారు. భయం ఎక్కడైనా ఒక్కటే.

ఆగస్టు 25 సెయింట్ లూయీ పండుగ. మధ్యధరా తీరాన సెత్ అనే రేవు పట్టణంలో ఆ రోజుల్లో పడవల మీద పోటీ జరుగుతుంది. రెండు పడవలు ఎదురెదురుగా వస్తాయి. ఒక్కొక్క పడవ చివర ఎత్తైన మెట్టు మీద బల్లెం, డాలు పట్టుకొని ఒక వీరుడు నిలబడతాడు. దెబ్బ తిన్నవాడు నీళ్ళలో పడతాడు, ఒడ్డున జనం కేరింతలు కొడతారు. 1666లో రేవుకు శంకుస్థాపన జరిగిననాడే ఈ ఆట ఆడినట్లు చరిత్ర. బ్రిటనీలో సెంత్ ఆన్ లా పాల్యూ అనే చోట ఆగస్టు చివరి ఆదివారం ఊరేగింపులో బుటేదారు జెండాలు, ఆడవారి తెల్లని లేసు టోపీలు కన్నులపండువుగా ఉంటాయి.

సాధారణ పల్లెలో పండుగ ఇంత ఆర్భాటంగా ఉండదు. ఉదయం చర్చిలో పూజ. తరువాత ఊరి నడుమ ఉన్న యుద్ధ స్మారకం దగ్గర పూలచక్రం ఉంచుతారు. 1914–18 యుద్ధంలో ఆ దేశం సుమారు 14 లక్షలమంది సైనికులను పోగొట్టుకున్నది. దాదాపు ప్రతి ఊరిలోనూ పేర్లు చెక్కిన స్తంభం ఉన్నది. ఆ తరువాత చెట్ల కింద పొడుగు బల్లలు వేసి సహపంక్తి భోజనాలు. మధ్యాహ్నం పెద్దవారు పెతాంక్ అనే ఇనుపగుండ్ల ఆట ఆడతారు. పరుగెత్తనక్కరలేని ఆట గనుక వయసుతో పని లేదు. 1910 ప్రాంతంలో మార్సేయి దగ్గరి లా సియోతా పట్టణంలో ఇది పుట్టింది. పిల్లలకు రంగులరాట్నం, రాత్రికి అకార్డియన్ వాద్యంతో నాట్యం, చివర బాణసంచా.

గుమాస్తాలు రాసిపెట్టిన చరిత్ర

ఇక మనకు గర్వకారణమైన సంగతి. పూర్వం ద్రాక్షతోట ఎవరిదైనా, కోత మొదలుపెట్టే తేదీని ఊరి అధికారులే చాటింపు వేయించేవారు. పచ్చికాయ కోయకుండా, పక్కవాడి తోటలో చెయ్యి పెట్టకుండా, పన్ను వసూలుకు తేలికగా ఉండేటట్లు ఈ కట్టుబాటు. అంతవరకు తోటలోకి పోరాదు. చాటింపు పడగానే కోత, కోత ముగియగానే పండుగ. ఆ తేదీని, కూలీలకిచ్చిన డబ్బును గుమాస్తాలు పుస్తకాలలో ఎక్కించేవారు.

ఆ పుస్తకాలు పారేయలేదు. ఎమ్మాన్యుయేల్ ల రువా లాద్యురీ అనే చరిత్రకారుడు 1967లో ప్రచురించిన వాతావరణ చరిత్ర గ్రంథంలో ఈ కోత తేదీలను బాగా వాడుకున్నాడు. ఎండలు ముదిరిన ఏడు పండు ముందుగా పండుతుంది, కనుక కోత తేదీయే ఆ ఏటి వాతావరణానికి కొలమానం. బుర్గోన్ ప్రాంతంలోని బోన్ పట్టణానికి సంబంధించి 1354 నుండి 2018 వరకు తేదీలు కూర్చి పరిశోధకులు 2019లో ప్రకటించారు. 1987 వరకు కోత సగటున సెప్టెంబరు 28న మొదలయ్యేది. 1988 నుండి అది సగటున 13 రోజులు ముందుకు జరిగింది. భూమి వేడెక్కుతున్నదని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యమేమి కావాలి? కూలి డబ్బు లెక్క రాసుకున్న ఆ అజ్ఞాత గుమాస్తా, ఆరువందల ఏళ్ళ తరువాత శాస్త్రజ్ఞులకు సాక్షి అయ్యాడు. రికార్డు సరిగా ఉంచడం ఎంత గొప్ప సేవో మన పిల్లలకు చెప్పవలసిన ముచ్చట ఇది.

సెలవు హక్కుగా మారిన ఏడాది

ఫ్రాన్సు ప్రభుత్వోద్యోగులకు మూడవ నెపోలియన్ 1853లోనే పదిహేను రోజుల జీతపు సెలవు ఇచ్చాడు. ఫ్యాక్టరీ కార్మికునికి, షాపు గుమాస్తాకు ఆ భాగ్యం దక్కడానికి మరి 83 సంవత్సరాలు పట్టింది. 1936 మే, జూన్ నెలల్లో దేశమంతటా సమ్మెలు జరిగాయి. లెయోఁ బ్లూమ్ ప్రధానిగా పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం ఏర్పడింది. జూన్ 20 చట్టం ద్వారా ఏడాదికి రెండు వారాల జీతపు సెలవు అందరికీ హక్కు అయింది.

సెలవు ఇచ్చారు సరే, చేతిలో డబ్బు లేనివాడు ఎక్కడికి పోతాడు? క్రీడలు, వినోదాల శాఖ చూసిన లెయో లగ్రాంజ్ రైలు చార్జీలో 40 శాతం తగ్గింపు ఏర్పాటు చేశాడు. ఆ మొదటి వేసవిలోనే సుమారు ఆరు లక్షలమంది ఆ టిక్కెట్టు తీసుకున్నారు. కొందరు సైకిళ్ళ మీద బయలుదేరారు. సముద్రాన్ని ఆనాడే తొలిసారి చూసినవారున్నారు. అయితే చాలామంది వెళ్ళినది హోటళ్ళకు కాదు, పల్లెలోని అమ్మానాన్నల ఇంటికి. కోతల్లో ఒక చెయ్యి వేసి, ఊరి పండుగ చూసుకొని తిరిగి వెళ్ళారు. లగ్రాంజ్ 1940 జూన్‌లో యుద్ధరంగంలో ప్రాణాలు విడిచాడు. ఆ టిక్కెట్టుకు జనం ఆయన పేరే పెట్టుకున్నారు.

తరువాత 1956లో మూడవ వారం, 1969లో నాలుగవ వారం, 1982లో అయిదవ వారం సెలవు కలిశాయి. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం ఇరవై పనిదినాలకు ఒకరోజు చొప్పున జీతపు సెలవు ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వం 1956లో ఎల్.టి.సి. ప్రవేశపెట్టింది. ఎవరికీ ఏదీ ఊరకనే రాలేదు.

ఊళ్ళు ఖాళీ అయ్యాక

1931 జనాభా లెక్కల్లో ఫ్రాన్సు పట్టణ జనాభా తొలిసారి పల్లె జనాభాను మించింది. యువకులు పట్నం దారి పట్టారు. మరి పండుగ ఎవరు చేయాలి? పునీతుని రోజు ఏ నవంబరులోనో వస్తే ఊళ్ళో జనమే ఉండరు. అందువలన అనేక ఊళ్ళవారు పండుగను ఆగస్టు నెలకు జరుపుకున్నారు. పట్నవాసులు పిల్లాపాపలతో సెలవుకు వచ్చేది అప్పుడే గదా! మన సంక్రాంతికి హైదరాబాదు ఖాళీ అయి కోనసీమ పల్లెలు నిండినట్లే, ఆగస్టులో పారిస్ ఖాళీ అయి పల్లెలు నిండుతాయి.

ఈ పండుగలను మోస్తున్నది ఎక్కువగా రిటైరైనవారే. సుమారు 35 వేల గ్రామ, పట్టణ సంస్థలలో సగానికి పైగా 500 లోపు జనాభా కలవి. అటువంటి చోట 1901 సంఘాల చట్టం కింద ఏర్పడిన ఉత్సవ కమిటీలే బల్లలు మోస్తాయి, లెక్కలు రాస్తాయి, కూపన్లు అమ్ముతాయి. అటక ఖాళీ చేసుకునే సంత మరొకటి. ఇంట్లోని పాత సామాను, పుస్తకాలు, బొమ్మలు వీధిలో పరచి అమ్ముకుంటారు. వ్యాపారి కానివారు ఏడాదికి రెండుసార్లకు మించి అమ్మరాదు. అమ్మినవారి పేర్లు రిజిస్టరులో రాసి అధికారులకు పంపాలి! ఇటువంటి సంతల్లోకెల్లా పెద్దది సెప్టెంబరు మొదట లిల్ నగరంలో జరుగుతుంది.

ఇక సెప్టెంబరు మూడవ శనివారం, ఆదివారం వారసత్వ దినాలు. 1984లో మొదలైన ఈ ఏర్పాటు వలన కోటలతోబాటు ప్రభుత్వ భవనాల తలుపులు కూడా సామాన్యులకు తెరుచుకుంటాయి. దేశాధ్యక్షుని భవనం సైతం చూడవచ్చు.

2003 ఆగస్టు

ఈ ఆనందానికి ఒక చీకటి పక్క ఉన్నది. దాచిపెట్టకుండా చెప్పుకోవాలి. 2003 ఆగస్టు మొదటి పక్షంలో ఫ్రాన్సులో ఎన్నడూ లేని ఎండలు కాశాయి. సుమారు 15 వేలమంది మరణించారు. వారిలో అత్యధికులు వృద్ధులు. పిల్లలు సెలవులకు వెళ్ళారు, ఇరుగుపొరుగు వెళ్ళారు, వైద్యులు కొందరు వెళ్ళారు. పై అంతస్తు గదుల్లో పెద్దవారు ఒంటరిగా మిగిలారు. పారిస్‌లో ఎవరూ వచ్చి తీసుకువెళ్ళని 57 మంది భౌతికకాయాలను సెప్టెంబరు 3న తియే శ్మశానంలో ఖననం చేశారు. దేశాధ్యక్షుడు షిరాక్ స్వయంగా హాజరయ్యాడు.

ఆ దెబ్బకు దేశం కళ్ళు తెరిచింది. 2004 చట్టం ప్రకారం ఒంటరి వృద్ధుల పేర్లతో ప్రతి ఊరి మేయరు ఒక రిజిస్టరు ఉంచాలి. ఎండలు ముదిరినప్పుడు వారి క్షేమం కనుక్కోవాలి. వృద్ధుల సంరక్షణ నిధి కోసం ఉద్యోగులు ఏడాదికి ఒకరోజు అదనపు జీతం లేకుండా పనిచేసే పద్ధతి కూడా పెట్టారు. కష్టపడి సాధించిన సెలవులో నుండి ఒకరోజు పెద్దల కోసం తిరిగి ఇచ్చినట్లయింది.

మనకు ఈ కథ దూరపుది కాదు. గోదావరి ఒడ్డున యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్నది. చట్టరీత్యా అప్పగింత జరిగిన రోజు 1962 ఆగస్టు 16. పుదుచ్చేరిలో ఫ్రెంచి సైన్యపు పెన్షనర్లు జూలై 14న పతకాలు ధరించి స్మారకం వద్దకు చేరుకునే ఆనవాయితీ చాలాకాలం సాగింది. 2015 మే నెల వడగాడ్పులలో మన తెలుగునాట వేయిమందికి పైగా పోయారన్నది కూడా మరువరాదు.

అందువలన కార్యవర్గానికి ఒక మనవి. మన సభ్యులలో పిల్లలు దూరదేశాలలో ఉండి, ఒంటరిగా ఉంటున్నవారి పేర్లు, ఫోను నంబర్లు ఒక రిజిస్టరులో రాసిపెడదాము. ఏప్రిల్, మే నెలల్లో వారానికి రెండుసార్లు ఫోను చేసి పలకరిద్దాము. దానికి ఫండ్సు అక్కరలేదు, ఎవరి మంజూరూ అక్కరలేదు. రిజిస్టరు రాసే పని నాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాను. చేతిరాత ఇంకా బాగానే ఉన్నది.

సభ్యులందరికీ, వారి కుటుంబాలకు ఆయురారోగ్యాలు కలగాలని ప్రార్థిస్తూ, సెలవు.