నెట్‌స్కేప్ తలుపులు తెరిచిన వైనం

సరుకు అమ్ముకొని బతికే కంపెనీ ఆ సరుకు తయారీ రహస్యాన్ని పదిమందికీ పంచిపెట్టడం పైకి వింతగానే కనబడుతుంది. కొందరు దీనిని ఔదార్యమన్నారు. మరికొందరు వట్టి వ్యాపారపుటెత్తు అన్నారు. ఈ రెండు అభిప్రాయాలూ యజమాని మనస్సును తవ్వి చూసే ప్రయత్నాలే. చరిత్రను పరిశీలించేవారికి కావలసింది వేరు. ఏ భౌతిక పరిస్థితులు ఆ పనిని అవసరం చేశాయి, ఆ పనివల్ల చివరకు ఎవరి చేతికి ఏమి దక్కింది అన్నవే అసలు ప్రశ్నలు. 1998లో అమెరికాలో నెట్‌స్కేప్ కంపెనీ తన బ్రౌజర్ సోర్స్‌కోడ్‌ను బయటపెట్టిన ఉదంతం ఈ ప్రశ్నలమీద మంచి వెలుగు ప్రసరిస్తుంది.

సోర్స్‌కోడ్ అంటే ప్రోగ్రామర్ రాసిన పాఠం; మనిషి చదివి, దిద్ది, మార్చగలిగినది. కంపెనీలు సాధారణంగా అమ్మేది దానిని యంత్రానికి అనువుగా మార్చిన రూపాన్ని మాత్రమే. అది పనిచేస్తుంది కాని చదవడానికి లొంగదు. అయితే ఈ దాపరికం కంప్యూటర్‌తోపాటే పుట్టినది కాదు. 1955లోనే ఐబీఎం యంత్రాలు వాడేవారు షేర్ అనే సంఘం పెట్టుకొని తాము రాసిన ప్రోగ్రాములను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకున్నారు. యంత్రంతోపాటు ప్రోగ్రాములు కూడా ఇచ్చే ఐబీఎం, వాటికి వేరుగా ధర కడతామని ప్రకటించింది 1969లో. తమ ప్రోగ్రామును డబ్బివ్వకుండా నకలు చేసుకోవడం దొంగతనమని బిల్ గేట్స్ బహిరంగ లేఖ రాసింది 1976లో. ఈ ధోరణికి ఎదురునిలిచి రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ఉద్యమాన్ని ప్రకటించింది 1983లో. కాబట్టి కోడ్ మీద సొంత ఆస్తి హక్కు ప్రకృతి సిద్ధమైనది కాదనీ, దానికీ ఒక పుట్టిన తేదీ ఉన్నదనీ మరువరాదు.

నెట్‌స్కేప్ పుట్టుక కూడా గమనించదగినదే. 1993లో ఇలినాయ్ విశ్వవిద్యాలయపు సూపర్‌కంప్యూటర్ కేంద్రంలో, ప్రజాధనంతో, మొజాయిక్ అనే బ్రౌజర్ తయారయింది. దానిని తయారుచేసిన యువకులలో ముఖ్యుడైన మార్క్ ఆండ్రీసన్, వ్యాపారి జిమ్ క్లార్క్‌తో కలిసి 1994లో కంపెనీ పెట్టాడు. కోడ్ కొత్తగా రాసుకున్నారు. కాని ఆ పనితనం, ఆ అనుభవం విశ్వవిద్యాలయంలో సంపాదించినవే. 1995 ఆగస్టు 9న 28 డాలర్లకు అమ్మకానికి పెట్టిన వాటా ఆ సాయంత్రానికి 58 డాలర్లు దాటింది. ఉమ్మడి విజ్ఞానం సొంత లాభంగా మారడం ఇంత త్వరగా జరిగిన సందర్భాలు అరుదు.

ఆ నెలలోనే మైక్రోసాఫ్ట్ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను విడుదల చేసింది. తరవాత దానిని విండోస్‌తో జోడించి ఊరికే ఇచ్చింది. చాలా కంప్యూటర్లలో విండోస్ ఉన్నది గనుక ఆ బ్రౌజర్ అడగకుండానే ఇంటికి చేరింది. ఊరికే దొరికేదానిని కొనేవాడెవడు? నెట్‌స్కేప్ బ్రౌజర్‌లోని శ్రమ తగ్గలేదు, ఉపయోగం తగ్గలేదు. దాని అమ్మకపు విలువ మాత్రం అడుగంటింది. గుత్తాధిపత్యాన్ని నిలబెట్టుకోవడానికి మైక్రోసాఫ్ట్ చట్టవిరుద్ధంగా ప్రవర్తించిందని అమెరికా అప్పీలు కోర్టు సైతం 2001లో అంగీకరించింది. అప్పటికి నెట్‌స్కేప్ పని అయిపోయింది.

1998 జనవరి 22న నెట్‌స్కేప్ తన బ్రౌజర్‌ను ఉచితం చేస్తున్నామనీ, సోర్స్‌కోడ్‌ను కూడా ఇస్తామనీ ప్రకటించడానికి ఇదీ నేపథ్యం. ఇక్కడ కంపెనీ లెక్క తేటతెల్లమే. బ్రౌజర్‌కు ధర రాదు. కాని సంస్థలకు అమ్మే సర్వర్ ప్రోగ్రాములకు వస్తుంది. జనం చేతిలో బ్రౌజర్లన్నీ పోటీదారువే అయితే వెబ్‌కు నియమాలు రాసేదీ పోటీదారే అవుతాడు. అప్పుడు సర్వర్ల వ్యాపారమూ నిలవదు. పోటీదారును ఎదుర్కోవడానికి జీతగాళ్ల సంఖ్య చాలదు. బయటి ప్రోగ్రామర్ల సహకారం కావాలి. ఎరిక్ రేమండ్ 1997లో రాసిన వ్యాసం ఆ ఆశకు బలమిచ్చింది.

ప్రకటన వెలువడిన కొద్దిరోజులకే, ఫిబ్రవరి 3న, పాలో ఆల్టోలో జరిగిన సమావేశంలో క్రిస్టీన్ పీటర్సన్ సూచించిన ‘ఓపెన్ సోర్స్’ అన్న పేరును స్వీకరించారు. స్టాల్‌మన్ వాడిన ‘ఫ్రీ’ అన్న ఇంగ్లీషు మాటకు స్వేచ్ఛ, ఉచితం అనే రెండర్థాలున్నాయి. తెలుగులో ఆ తికమక లేదు. రెండింటికీ రెండు మాటలున్నాయి. కాని కొత్త పేరు తికమకతోపాటు స్వేచ్ఛ అన్న భావాన్ని కూడా వెనక్కు నెట్టింది. వ్యాపారి బెదరకుండా ఉండటం దాని ప్రయోజనాలలో ఒకటి. స్టాల్‌మన్ దానిని ఒప్పుకోకపోవడంలో అర్థమున్నది.

మార్చి 31న కోడ్ బయటికి వచ్చింది. దానితో వచ్చిన నెట్‌స్కేప్ పబ్లిక్ లైసెన్సులో ఒక మెలిక ఉన్నది. ఆ కోడ్‌ను ఇతరులు సవరిస్తే ఆ సవరణలను నెట్‌స్కేప్ తన మూసిన సరుకులలో సైతం వాడుకోవచ్చు. ఆ ప్రత్యేక హక్కు ఇంకెవరికీ లేదు. పొలం అందరూ దున్నాలి, గాదె తాళం మాత్రం ఒకరి మొలలో ఉండాలి అన్నట్లున్నది ఇది. విమర్శలు వచ్చాయి, కొత్తగా రాసే భాగాలకోసం ఆ మెలిక లేని మొజిల్లా లైసెన్సు కూడా ఇచ్చారు. అయినా బయటివారు ఆశించినంతగా రాలేదు. పాత కోడ్ చిక్కుముడిగా ఉన్నది. అందులో ప్రధాన భాగాన్ని పక్కనపెట్టి కొత్తగా రాయవలసివచ్చింది. ఏడాది తిరిగేసరికి, పని భారం ఇంకా నెట్‌స్కేప్ ఉద్యోగులమీదనే ఉన్నదని చెప్పి జేమీ జవిన్‌స్కీ రాజీనామా చేశాడు. తలుపు తెరిచినంత మాత్రాన ఇల్లు నిండదు.

ఇక యజమాని కథ చూద్దాం. 1998 నవంబరులో అమెరికా ఆన్‌లైన్ కంపెనీ నెట్‌స్కేప్‌ను కొంటున్నట్లు ప్రకటించింది. 2003లో ఆ పనిని వదిలించుకొన్నది. పోతూపోతూ 20 లక్షల డాలర్లు ఇచ్చింది. ఆ జులైలో మొజిల్లా ఫౌండేషన్ ఏర్పడింది. 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ మొదటి సంపూర్ణ రూపం వెలువడింది. కోడ్ మూసి ఉంటే యజమానితోపాటే అటకెక్కేది. తెరిచి ఉండబట్టి యజమాని పోయినా అది బతికింది. తెలుగు తెలిసిన స్వచ్ఛంద కార్యకర్తలు ఆ బ్రౌజర్ మాటలను తెలుగులోకి తేగలిగారు; అందులో లాభం లెక్కవేసుకొనే యజమాని కోసం వారు కాచుకు కూర్చోనక్కరలేకపోయింది.

అయితే దీనిని సొంత ఆస్తిపై సాధించిన విజయమని చాటడం తొందరపాటు. మొజిల్లా ఆదాయంలో అధికభాగం ఏళ్ల తరబడి వెతుకుడు యంత్రాల కంపెనీలు, ముఖ్యంగా గూగుల్, ఇచ్చిన సొమ్మే. ఆ గూగులే 2008లో క్రోమ్‌ను తెచ్చి, దాని పునాదికోడ్‌ను తెరిచిపెట్టింది. దాని రాబడి ప్రకటనల్లో ఉన్నది, బ్రౌజర్‌లో కాదు. 2001లో లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చింది మైక్రోసాఫ్ట్ అధినేతే. 2018లో తెరిచిన కోడ్‌కు నిలయమైన గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొన్నదీ ఆ కంపెనీయే. పెట్టుబడి తన కంచెను ఎత్తివేయలేదు. కోడ్ చుట్టూ ఉన్నదానిని పెరికి సర్వర్ల చుట్టూ, సమాచారం చుట్టూ పాతింది.

కోడ్ దాచినందువల్ల లాభం లేనప్పుడు, తెరిస్తే పక్క సరుకుకు లాభం కలిగేటప్పుడు కంపెనీ కోడ్‌ను తెరుస్తుంది. ఇందులో త్యాగం లేదు, ద్రోహమూ లేదు. కాని ఒకసారి అందరికీ హక్కుతో ఇచ్చినదానిని తిరిగి గుంజుకోవడం ఆ కంపెనీ తరం కాదు. యజమాని అవసరం తీరిపోయిన తరవాత కూడా ఆ హక్కు మిగులుతుంది. కనుక కంపెనీ ఎందుకు ఇచ్చిందని అడగడంతో ఆగిపోరాదు. ఏ షరతులమీద ఇచ్చింది, దానిని నిలుపుకొనే చేతులు ఎన్ని, ఆ చేతులకు కూడు ఎవరు పెడుతున్నారు అని కూడా అడగాలి. నెట్‌స్కేప్ చరిత్ర మనకు అందించే ప్రశ్నలు ఇవే.