గడియారం ఎవరి చేతిలో ఉన్నది?

ఆధునిక సంస్కృతిని నిందించడానికి పూనుకున్న వారెవరైనా ఎక్కడో ఒకచోట గడియారాన్ని తిట్టక మానరు. పూర్వం మనిషి పొద్దును బట్టి, రుతువును బట్టి బ్రతికేవాడనీ, యంత్రయుగం వచ్చి ఆ బ్రతుకును గంటలుగా, నిమిషాలుగా తరిగిపెట్టిందనీ, దానితో మనిషిలోని రసం ఎండిపోయిందనీ వారి వాదం. ఈ వాదంలో కొంత నిజం లేకపోలేదు. అందువల్లనే దాని పట్ల జాగ్రత్తగా ఉండవలసి వస్తున్నది. మన విద్యార్థుల్లోనూ, ఉపాధ్యాయుల్లోనూ చాలామంది దీనిని పెట్టుబడిదారీ వ్యవస్థపై గొప్ప విమర్శ అనుకుంటారు. వాస్తవానికి ఇది ఆ వ్యవస్థను వెనక్కు తిరిగి చూస్తూ చేసే విమర్శ, ముందుకు చూస్తూ చేసేది కాదు.

కోడికూత, పొద్దుపొడుపు, అంబలిపొద్దు, దీపాలు పెట్టే వేళ - ఈ మాటల అందాన్ని నేను కాదనను. కాని ఈ మాటలు ఎవరి పనికి హద్దు గీశాయి? పాలేరు కోడి కూయకముందే దొడ్లో ఉండాలి. ఊరు మాటుమణిగిన తర్వాత కూడా గొడ్లకు మేత వేయాలి. అతని పనికి మొదలున్నది గాని చివర లేదు. తెలంగాణంలో వెట్టి చేసినవాడికి కూలి లేనట్లే వేళ కూడా లేదు. దొర గడీ నుండి పిలుపు వచ్చిన వేళే పని వేళ. "ఇంతసేపు చేశాను" అని చెప్పుకోవడానికి కొలబద్దే లేనప్పుడు, "ఎక్కువసేపు చేయించావు" అని అడగడం ఎట్లా సాధ్యం? పెళ్ళి ముహూర్తాన్ని విఘడియలతో సహా గుణించిన సమాజమే పాలేరు పనిని కొలవలేదు. కొలవడం తెలియక కాదు.

గడియారంతో పని చేయించడం వేరే చోట ప్రారంభమైంది. బొంబాయిలో మొదటి నూలుమిల్లు స్థాపన 1854లో జరిగింది. మూడు దశాబ్దాలు తిరగకముందే అక్కడ ఎత్తయిన పొగగొట్టాల కింద వేలాదిమంది చేరారు. కొంకణం, దక్కను పల్లెల నుండి వచ్చినవారు, నిజాం రాజ్యం నుండి వలసపోయిన మన తెలుగు కూలీలు ఆ నగరంలో ఉన్నారు. కామాఠీపురా అన్న పేరే ఆ కూలీల వల్ల వచ్చింది. 1881 నాటి మొదటి ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్ళ పిల్లవాడిని మిల్లులోకి రానిచ్చి, పన్నెండేళ్ళలోపు వారికి రోజుకు 9 గంటలు చాలునన్నది. వయసు వచ్చిన మగవాడి పనికి హద్దేమీ పెట్టలేదు. చట్టం చేయించడంలో దయాదాక్షిణ్యాలకంటే లాంకషైరు మిల్లుదారుల పోటీ భయమే ఎక్కువగా పనిచేసిందన్న సంగతి పాఠకులకు తెలిసినదే.

ఇక్కడ నారాయణ మేఘాజీ లోఖండేను గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఇతడు జోతీబా ఫూలే అనుచరుడు, సత్యశోధకుడు. 1884లో బొంబాయిలో మిల్లు కార్మికుల సభలు జరిపి, 5,500 మంది సంతకాలతో ఒక మహజరు తయారు చేయించాడు. అందులో అడిగినవి చూడండి: ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, ఉదయం ఆరున్నర నుండి సూర్యాస్తమయం వరకే పని. మొదలు గడియారం ప్రకారం, ముగింపు సూర్యుడి ప్రకారం! ఒక వాక్యంలోనే రెండు యుగాలు కలిసి నిలబడ్డాయి. పల్లె నుండి నిన్న వచ్చిన మనిషి ఇవాళ గంటల భాష నేర్చుకుంటున్నాడు. పొద్దుగూకడం ఇంకా పూర్తిగా మరచిపోలేదు. ఆదివారం కోసం వాదించేటప్పుడు, ఆ రోజు ఖండోబా దినం కూడానని లోఖండే పక్షం చెప్పింది. ఖండోబా అంటే మన మల్లన్నే. కొమురవెల్లిలో ఈనాటికీ ఆదివారమే ఆయనకు ముఖ్యం. గొర్రెల కాపరుల దేవుడు నూలుమిల్లు సెలవుకు సాక్ష్యం చెప్పడం మన పండితులకు చిన్నతనంగా తోచవచ్చు. నాకు మాత్రం ఆధునిక సంస్కృతి ఈ దేశంలో నిజంగా ఎట్లా పుట్టిందో చెప్పే దాఖలా ఇదే అనిపిస్తుంది. 1890 జూన్ 10న మిల్లు యజమానుల సంఘం వారపు సెలవుకు ఒప్పుకున్నది.

సూర్యుడి హద్దును చెరిపివేసింది విద్యుద్దీపం. అది లేనప్పుడు చీకటి పడితే మగ్గం ఆగవలసిందే. 1905 ప్రాంతంలో గిరాకీ పెరిగిన మిల్లుల్లో దీపాలు వెలిగించి, పనిని పద్నాలుగు, పదిహేను గంటలకు లాగారు. కార్మికులు తిరగబడ్డారు. దీపం విజ్ఞానఫలమే. దాని వెలుగులో చదువుకోవచ్చు, నాటకం ఆడుకోవచ్చు. మిల్లులో వెలిగిన ఆ దీపం మాత్రం మనిషి నిద్రను తిన్నది.

సరిగ్గా ఆ సమయంలోనే ప్రభుత్వం దేశానికంతటికీ ఒకే కాలం ఉండాలని తలపెట్టింది. అంతకు ముందు బొంబాయికి ఒక కాలం, కలకత్తాకు ఒకటి. రైళ్ళు మద్రాసు నక్షత్రశాల కాలాన్ని అనుసరించేవి. 1906 జనవరి 1 నుండి గ్రీనిచ్ కంటె ఐదున్నర గంటలు ముందుండే ప్రామాణిక కాలం వచ్చింది. బొంబాయి కాలానికి అది 39 నిమిషాలు ముందు. నగరంలోని పెద్దలు మహజర్లు పెట్టారు. మా కాలాన్ని ప్రభుత్వం లాక్కుంటున్నదన్నారు. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళ దాకా ఆ నగరంలో పాత కాలం వాడుకలో ఉండిపోయింది కూడా. అదే జనవరిలో మిల్లు కార్మికులు మగ్గాలు వదలి రాళ్ళు రువ్వారు. చరిత్రకారులు ఈ రెంటినీ కలిపి సామ్రాజ్యవాద వ్యతిరేకతగా చెబుతుంటారు. నా ఉద్దేశంలో ఇవి రెండు వేర్వేరు కోపాలు. పెద్దమనిషికి పోయింది నగర గౌరవం. మిల్లు కొత్త కాలాన్ని పాటిస్తే కార్మికుడికి పోయేది 39 నిమిషాల నిద్ర: గడియారంలో అంకె అదే, బయట ఇంకా చీకటి.

రెండేళ్ళు తిరిగేసరికి ఈ రెండు కోపాలూ ఒకచోట కలిశాయి. 1908 జూలైలో తిలక్‌కు ఆరేళ్ళ ప్రవాస శిక్ష పడినప్పుడు, బొంబాయి కార్మికులు ఏడాదికి ఒక రోజు చొప్పున ఆరు రోజులు సమ్మె చేశారు. లెనిన్ దృష్టిని ఆకర్షించిన సమ్మె అది. దాని రాజకీయ ప్రాధాన్యం గురించి చాలామంది వ్రాశారు. లెక్క వేసిన తీరును మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ప్రభుత్వం కాలంతో శిక్ష విధించింది. కార్మికులు కాలంతోనే బదులు చెప్పారు. ఇరవై నాలుగేళ్ళ కింద సూర్యాస్తమయం దాకా పని అడిగినవారు ఇప్పుడు తమ రోజును లెక్కించి, బిగబట్టి, ప్రభుత్వం ముందు పెట్టగలిగారు.

చట్టాల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. 1911లో బట్టల మిల్లుల్లో మగవారికి రోజుకు 12 గంటలు, 1922లో వారానికి 60, 1934లో 54. అంబేద్కర్ వైస్రాయి మండలిలో కార్మిక శాఖ చూస్తున్న కాలంలో వచ్చిన సవరణతో 1946లో 48 గంటలు. 1948 చట్టం దానినే నిలిపింది. ఈ అంకెల వెనుక ఎన్నో సమ్మెలున్నాయి. 1918లో మద్రాసు పెరంబూరు మిల్లు కార్మికులు సంఘం పెట్టుకున్నప్పుడు, మధ్యాహ్నం అన్నం తినే వ్యవధి చాలడం లేదన్నది వారి తొలి మొరల్లో ఒకటి. అన్నం ముద్ద మింగడానికి పట్టే నిమిషాల కోసం ఈ దేశంలో సంఘాలు పుట్టాయి.

ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల విశ్రాంతి, మిగిలిన ఎనిమిది మనిషి తనవి. రాబర్ట్ ఓవెన్ కాలం నుండి వచ్చిన ఈ లెక్కలో మూడవ భాగాన్ని మన విమర్శకులు ఉపేక్షిస్తారు. సంస్కృతి నిలిచేది ఆ మూడవ భాగం మీదనే. బొంబాయి మిల్లుపేటల్లో అన్నాభావు సాఠే, అమర్ షేక్, గవాణ్‌కర్ కలిసి 1944లో లాల్ బావటా కళాపథక్ పెట్టారు. అంతకు ముందు సంవత్సరమే మన ప్రజానాట్యమండలి పుట్టింది. షాహిరు పాటకైనా, బుర్రకథకైనా పని దిగి, కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చునే మనిషి కావాలి. పదిహేను గంటలు మగ్గం ముందు నిలబడినవాడు ప్రేక్షకుడు కాలేడు, కవి అసలే కాలేడు. కార్మికుడికి అభిరుచి లేదనే పండితుడు అతనికి తీరిక ఎంత ఉన్నదో ఎన్నడైనా అడిగాడా?

ఇదంతా గడచిన కథ అని ఊరుకోవడానికి వీలు లేదు. 1923 మే 1న సింగారవేలు మద్రాసులో ఈ దేశపు మొదటి మేడే జరిపాడు. సరిగ్గా నూరేళ్ళకు, 2023 ఏప్రిల్‌లో, అదే నగరంలోని శాసనసభ రోజుకు 12 గంటలు పనికి దారి తెరిచే బిల్లును ఆమోదించింది. సంఘాలన్నీ లేచాయి, మే 1న ముఖ్యమంత్రి దానిని ఉపసంహరించుకుంటున్నట్లు ప్రకటించాడు. 2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పని పరిమితిని 9 నుండి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. అదే ఏడు తెలంగాణ వాణిజ్య సంస్థల్లో 10 గంటలకు అనుమతి ఇచ్చింది. వారానికి 48 గంటల హద్దు అట్లాగే ఉన్నది గదా, పోయిందేమిటి అని సమర్థకులు అడుగుతున్నారు. శరీరం వారానికొకసారి అలసిపోయేదైతే ఆ ప్రశ్న సబబుగానే ఉండేది.

హైదరాబాదులో మోటారు సైకిలు మీద అన్నం పొట్లాలు చేరవేసే కుర్రవాడి విషయం ఇంకా విచిత్రం. అతని చేతి ఫోను ప్రతి నిమిషాన్నీ కొలుస్తుంది, కాని ఆ కొలత కంపెనీ వద్ద ఉంటుంది. పిలుపు కోసం రోడ్డు పక్కన కాచుకున్న సేపు పని కాదట. పాలేరుకు కొలత లేదు; ఇతనికి కొలత ఉన్నది, అది చదివే అధికారం లేదు.

మరొక్క సంగతి ఉన్నది, దానిని మన ఉద్యమాలు కూడా చాలాకాలం దాటవేశాయి. లోఖండే సంపాదించిన ఆదివారం నాడు మిల్లులో పనిచేసే స్త్రీ ఏం చేసింది? వారమంతా పేరుకున్న గుడ్డలు ఉతికింది. పని దినాన్ని గురించి మార్క్స్ వ్రాసిన సుదీర్ఘ అధ్యాయం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగుతుంది. మన సంఘాల చర్చలు కూడా అక్కడే ఆగేవి. 2024లో ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, కూలి లేని ఇంటి పనుల్లో పాల్గొనే స్త్రీ రోజుకు సగటున 289 నిమిషాలు వాటికి ఇస్తున్నది. అటువంటి పనుల్లో పాల్గొనే పురుషుడు 88 నిమిషాలు. అంటే ఆమెకు దాదాపు ఐదు గంటల రెండవ డ్యూటీ. దీనికి ఆదివారం లేదు, సైరను లేదు, దిగిపోయే వేళ అంతకంటే లేదు. సాయంత్రం సభకు ఆడవాళ్ళు రావడం లేదని నిరుడు ఒక కార్యకర్త నాతో వాపోయాడు. సభ ఎన్ని గంటలకు పెట్టారని అడిగాను. ఏడు గంటలకన్నాడు.