పాల అలర్జీ ఉన్న చిన్నారికి డబ్బా పాలు మానిపించడం ఎలా?

ఏడాది నిండిన బిడ్డకు డబ్బా పాలు మానిపించి ఆవుపాలు, గేదెపాలు అలవాటు చేయడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఆ వయసు దాటిన పిల్లలకు ఫార్ములా పాల అవసరం సాధారణంగా ఉండదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాలూ చెబుతున్నాయి. అయితే పాల అలర్జీ ఉన్న చిన్నారుల విషయం వేరు. వైద్యులు సూచించిన ప్రత్యేక ఫార్ములాయే వారికి మాంసకృత్తులు, కాల్షియం, విటమిన్-డి అందించే ప్రధాన ఆధారం. ఖరీదు భరించలేకనో, వయసు వచ్చిందనో దానిని ఒక్కసారిగా ఆపితే ఎదుగుదల కుంటుపడుతుంది. ఆ లోటును రోజువారీ ఆహారం పూడ్చగలదని తేలిన తరువాతే డబ్బా పాలు మానిపించాలి.

అలర్జీ వేరు, అరగకపోవడం వేరు

ఆవుపాలలోని కేసీన్, వే అనే మాంసకృత్తులను శరీర రక్షణ వ్యవస్థ హానికరమైనవిగా పొరబడి ప్రతిస్పందించడమే పాల అలర్జీ. కొందరిలో నిమిషాల నుంచి రెండు గంటలలోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, పిల్లికూతలు కనిపిస్తాయి. మరికొందరిలో గంటలు, రోజులు గడిచాక విరేచనాలు, మలంలో రక్తం, ఎగ్జిమా వంటివి బయటపడతాయి. లాక్టోజ్ పడకపోవడం ఇందుకు భిన్నం. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమ్ చాలకపోవడం వల్ల అది వస్తుంది. కాబట్టి లాక్టోజ్ తొలగించిన పాలు అలర్జీ ఉన్న బిడ్డకు పనికిరావు.

మేకపాలు, గేదెపాలు కూడా ప్రత్యామ్నాయం కావు. వాటిలోని మాంసకృత్తులు ఆవుపాలలోని వాటిని చాలావరకు పోలి ఉంటాయి. నీళ్లు కలిపినా, మరిగించినా, తోడు పెట్టినా అలర్జీ కారకాలు పోవు. పెరుగు, మజ్జిగ, వెన్న, పనీర్, కోవా అన్నీ ఈ కోవలోనివే. నేతిలోనూ వాటి అవశేషాలు మిగిలి ఉండవచ్చు.

ముందుగా తెలుసుకోవలసింది

పాల అలర్జీ చాలామంది పిల్లల్లో వయసుతో పాటు తగ్గిపోతుంది. అందువల్ల ఫార్ములా మానిపించే ముందు అలర్జీ ఇంకా ఉన్నదా అన్నది నిర్ధారించుకోవాలి. పాల పదార్థాలను కనీసం ఆరు నెలలు మానిపించాక, బిడ్డకు 9 నుంచి 12 నెలల వయసు వచ్చిన తరువాత వైద్యులు తిరిగి పరీక్షిస్తారు. స్వల్ప లక్షణాలున్న వారికి బాగా కాల్చిన బిస్కెట్లతో మొదలుపెట్టి, క్రమంగా పెరుగు, చివరికి పాలు ఇచ్చే 'పాల నిచ్చెన' పద్ధతి ఉంది. వెంటనే తీవ్రంగా ప్రతిస్పందించే పిల్లలకు ఈ ప్రయోగం ఇంట్లో చేయరాదు, ఆసుపత్రిలోనే జరగాలి.

దశలవారీగా మార్పు

అలర్జీ ఇంకా ఉంటే పోషకాహార నిపుణుల సలహాతో ఒక్కొక్క పూట చొప్పున ఫార్ములా తగ్గించాలి. మొదట పగటిపూట పాల స్థానంలో ఆహారం పెట్టి, ఐదారు రోజులు గమనించాక మరో పూట మార్చాలి. నిద్రవేళ పాలను చివరగా మానిపించడం తేలిక. అదే సమయంలో సీసా బదులు గ్లాసు అలవాటు చేయాలి. సీసా నోట్లో పెట్టుకొని నిద్రపోయే పిల్లలకు పళ్లు పుచ్చుతాయి. తల్లిపాలు తాగుతున్న బిడ్డకు వాటిని రెండేళ్ల వరకు, ఆపైన కూడా కొనసాగించవచ్చు. తల్లి తినే పాల పదార్థాల వల్ల బిడ్డలో లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆమె కూడా వాటిని మానవలసి ఉంటుంది.

కాల్షియం లెక్క

ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. కానీ ఒక పూట జావకు పట్టే పిండి 25, 30 గ్రాములే. అంటే దక్కేది సుమారు వంద మిల్లీగ్రాములు. రెండు చెంచాల నువ్వుల పొడితో దాదాపు మరో వంద సమకూరుతుంది. మునగాకు పప్పు, ముళ్లతో తినదగిన చిన్న చేపలు మరికొంత చేరుస్తాయి. అయినా లోటు మిగిలితే వైద్యులు కాల్షియం, విటమిన్-డి మందులు సూచిస్తారు. మాంసకృత్తులకు పప్పు, గుడ్డు, చేప, మాంసం ఉండనే ఉన్నాయి. గుడ్డు, వేరుశనగ, నువ్వులు కూడా కొందరికి పడవు కనుక కొత్త పదార్థాన్ని ఒకసారి ఒకటే, కొద్దిగా, పగటివేళ పెట్టి చూడాలి.

మొక్కల 'పాలు' అన్నీ ఒకటి కావు

బాదం, కొబ్బరి, బియ్యం పానీయాల్లో మాంసకృత్తులు చాలా తక్కువ. అమెరికాలో ఫార్ములాకు బదులు బియ్యం పానీయమే ప్రధాన ఆహారమైన 22 నెలల బాలుడు, మాంసకృత్తుల లోపంతో వచ్చే క్వాషియోర్కర్ వ్యాధికి గురైన ఉదంతం 2001లో 'పీడియాట్రిక్స్' వైద్య పత్రికలో నమోదైంది. విటమిన్-డి చేర్చని సోయా పానీయంపై ఆధారపడిన మరో బిడ్డకు రికెట్స్ సోకింది. బియ్యం పానీయంలో ఆర్సెనిక్ ఉండవచ్చు కనుక ఐదేళ్ల లోపు పిల్లలకు దానిని ఇవ్వవద్దని బ్రిటన్ ఆరోగ్య సేవల విభాగం చెబుతోంది. ఏడాది దాటిన వారికి సోయా పడితే, చక్కెర లేకుండా కాల్షియం చేర్చిన సోయా పానీయం వీటన్నింటికంటే మెరుగు.

లేబుల్ చదవాలి

ప్యాకెట్ ఆహారంలో పాలు ఉంటే ఆ సంగతి లేబుల్‌పై ప్రకటించాలని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. కేసీన్, వే, పాలపొడి, పాల ఘనపదార్థాలు అన్న మాటలు కనిపిస్తే పక్కన పెట్టాలి. అంగన్‌వాడీ కేంద్రాల్లో ఇచ్చే బాలామృతంలోనూ పాలపొడి ఉంటుంది. కాబట్టి బిడ్డ అలర్జీ సంగతి అంగన్‌వాడీ కార్యకర్తకు, బంధువులకు, ప్రసాదం పెట్టే పెద్దలకు ముందే చెప్పాలి.

పొరపాటున పాలు తగిలి ఊపిరి అందకపోయినా, గొంతు బొంగురుపోయినా, బిడ్డ సోలిపోయినా క్షణం ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయాలి. ఫార్ములా తగ్గిస్తున్నంత కాలం నెలనెలా బరువు, ఎత్తు చూపించి తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో నమోదు చేయించాలి. ఆ కార్డులో ఎదుగుదల గీత పైకి సాగకుండా నిలిచిపోతే, మార్పును అక్కడితో ఆపి వైద్యుని సంప్రదించాలి.