ఇంటి ముందు సముద్రం

ఇంకా తెల్లారలేదు. గుజరాత్‌లోని వెరావల్ రేవు వదిలి రోజులు గడిచాయి. మరబోటు అడుగున ఐసు గదిలో చేపలు సగానికి వచ్చాయి. గది నిండితే గానీ వెనక్కి తిరిగేది లేదు; డీజిలు లెక్క, ఐసు లెక్క, బియ్యం లెక్క అన్నీ ఒడ్డున బోటు యజమాని సేటు దగ్గర రాసి ఉన్నాయి. చుక్కాని పట్టుకుని తండేలు, అంటే బోటు నాయకుడు, నిలబడ్డాడు. తక్కినవాళ్లు వల లాగడానికి లేచి నడుముకు తువ్వాళ్లు బిగిస్తున్నారు. అరేబియా సముద్రం నడుమ, ఆ బోటు మీద వినిపించేది ఉత్తరాంధ్ర యాస.

దూరంగా ఒక దీపం కదిలింది. మన కోస్ట్‌గార్డు అనుకున్నారు. అది దగ్గరకొచ్చింది. ఇంజను ఆపమని కేక.

"తండేలూ, ఎక్కడున్నాం మనం?"

ఆ చీకట్లో మాటలు నేను అల్లినవి. మిగతాది జరిగింది. 2018 నవంబరు చివర శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లే ఎక్కువగా ఉన్న 22 మంది మత్స్యకారులు పాకిస్తాన్ మారిటైమ్ సెక్యూరిటీ ఏజెన్సీకి చిక్కారు. గుజరాత్‌కూ సింధ్‌కూ మధ్య సర్ క్రీక్ అనే 96 కిలోమీటర్ల బురద పాయ ఉంది. అది ఎవరిదో రెండు దేశాలూ ఈనాటికీ తేల్చుకోలేదు కాబట్టి, దాని కొసన మొదలవ్వాల్సిన సముద్రపు సరిహద్దు కూడా తేలలేదు. ఒడ్డుకు దగ్గర్లో చేప తగ్గినకొద్దీ బోట్లు ఆ వైపే జరుగుతాయి. అలకు రంగు లేదు, గీత లేదు. గాలి మళ్లితే, నీటి ప్రవాహం లాగితే, ఒక రాత్రిలో దేశం మారిపోతుంది.

పట్టుబడ్డవాళ్లను కరాచీ తీసుకెళ్లి, లాంధీ దగ్గరి మలీర్ జైల్లో పెట్టారు.

కబురు ముందు వెరావల్‌కు చేరి, అక్కడి నుంచి ఫోన్లలో బంగాళాఖాతం ఒడ్డుకు వచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం, చుట్టుపక్కల పల్లెలు. అప్పటికి నెలన్నర కిందట, అక్టోబరు 11న, తిత్లీ తుపాను జిల్లా ఉత్తర భాగాన్ని తుడిచిపెట్టి వెళ్లింది. గాలివాన నుంచి తమ ఊరు తప్పించుకుందని ఊపిరి పీల్చుకున్న ఇళ్లలోకి ఈ కబురు దిగింది.

మత్స్యలేశంలాంటి ఊళ్లను చూసొచ్చినవాళ్లు చాలా ప్రశాంతంగా ఉంటాయని చెబుతారు. ఇసుక మీద తెప్పలు, ఎండుతున్న వలలు, చేపలు ఆరబోసే ఆడవాళ్లు, అరుగు మీద ముసలివాళ్లు. ఆ ప్రశాంతత ఎక్కడిదో తెలిశాక నాకు ఆ మాట అనబుద్ధి కావడం లేదు. ఆగస్టు వచ్చిందంటే వయసులో ఉన్న మగవాళ్లు వేట కోసం గుజరాత్ రైలెక్కుతారు. మళ్లీ కనిపించేది ఎండాకాలంలోనే. ఏడాదిలో ఎక్కువ నెలలు ఊళ్లో గొంతెత్తి మాట్లాడే మగమనిషే ఉండడు.

నేను ఈ గాథ రాస్తున్నది సముద్రం ఎరగని చోటు నుంచి. తెలంగాణలోని మా దంతాలపల్లి వైపు చేపలంటే చెరువు. వానలకు చెరువు నిండాక చేపపిల్లలను వదిలి, ఎండలకు నీళ్లు తగ్గాక వలలు దించుతారు. ఆ పొద్దు కట్ట మీద జాతరే. ముదిరాజుల సంఘం వాళ్లు నడుముల్లోతు నీళ్లలో వల లాగుతుంటే, బొచ్చె, రవ్వు ఎగిరెగిరి పడుతుంటే, కొర్రమట్ట కోసం ముందే మాట చెప్పుకున్నవాళ్లు సంచులు పట్టుకుని నిలబడితే, కాంటా దగ్గర లొల్లి ఊరవతలికి వినిపిస్తుంది. 2016 నుంచి సర్కారే చేపపిల్లలను ఉచితంగా ఇస్తోంది. పిల్లలు ఆలస్యంగా వస్తాయి, దళారి రేటు తెగ్గోస్తాడు, గండి పడితే చేపంతా వాగు పాలవుతుంది. కష్టాలు లేకపోలేదు. అయినా చెరువు సంఘానిది. పట్టినవాడు రాత్రికి ఇంటికొచ్చి తన బువ్వ తాను తింటాడు.

మత్స్యలేశం ముందున్నది చెరువు కాదు, మహాసముద్రంలో ఒక భాగం. శ్రీకాకుళం జిల్లాకు దాదాపు 193 కిలోమీటర్ల తీరం ఉంది. అంత ఒడ్డులో ఈ సంఘటన జరిగే నాటికి మరబోటు కట్టేసుకోవడానికి ఒక్క హార్బరు లేదు. ఇసుక మీది నుంచి తెప్పను నీళ్లలోకి నెట్టి, విరిగే అలలను దాటుకుని వెళ్లాలి. చీకటి పడేలోగా అలాగే తిరిగి రావాలి. అంత చిన్న తెప్ప ఎంత దూరం పోగలదు? లోపలి చేపను పెద్ద రేవుల బోట్లు ఊడ్చుకుపోతాయి. తీరం నిండా పనితెలిసిన చేతులు, ఆ చేతులకు తగిన పడవ లేదు. అందుకే అదే పని కోసం దేశం ఆ చివరికి వెళ్లి, వేరొకరి బోటు మీద వేరొకరి సముద్రంలో వేట చేస్తారు. సీజను మొదట్లో సేటు దగ్గర తీసుకుని ఇంట్లో ఇచ్చి వెళ్లిన అడ్వాన్సు పెళ్లికో, అప్పుకో, పైకప్పుకో ఖర్చయిపోతుంది. ఆ డబ్బు తీరేదాకా మధ్యలో దిగి రావడం కుదరదు.

ఇది మా ఓరుగల్లు వైపు వాళ్లకు కొత్త కథేమీ కాదు. మగ్గం ఇంట్లో పెట్టుకుని, పని వెతుక్కుంటూ సూరత్‌కూ భివండీకీ పోయిన పద్మశాలీలు ఎందరో. మగ్గాల చప్పుడు ఆగిన వాడలు కూడా ప్రశాంతంగానే ఉంటాయి. ఇండోనేషియాలోనూ ఇదే తీరు: జావా దీవి ఉత్తర తీరంలో తెగల్ చుట్టుపక్కల బెస్తల పిల్లలు తైవాన్ ఓడలెక్కుతారు; వాళ్ల ఇళ్ల ముందూ సముద్రమే.

మళ్లీ మత్స్యలేశానికి వద్దాం. ఆడవాళ్లు ఏడుస్తూ కూర్చోలేదు. అప్పుడు ప్రతిపక్ష నేతగా ఉన్న జగన్‌మోహన్ రెడ్డి పాదయాత్ర శ్రీకాకుళం జిల్లాలో సాగుతోంది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగిన కాళ్లకు నడక కొత్తా? వెళ్లి కలిశారు. కలెక్టరేటు, వినతిపత్రాలు, ఆధార్ జిరాక్సులు. జైల్లో ఉన్నవాడు మన దేశస్థుడేనని మన దేశం ధ్రువీకరిస్తే గానీ అవతల గేటు తెరుచుకోదు.

అప్పటి నుంచి వాళ్ల క్యాలెండరు మారిపోయింది. 2008 ఒప్పందం ప్రకారం భారత్, పాకిస్తాన్ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. సంక్రాంతి కన్నా, గంగమ్మ పండగ కన్నా ఆ రెండు తేదీలే పెద్దవయ్యాయి. ఒక జనవరి పోయింది. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో ఉగ్రదాడి. 26న బాలాకోట్ మీద మన వైమానిక దాడి. టీవీలో యుద్ధం గురించి అరుస్తుంటే, ఆ తెర అవతల మొగుడో కొడుకో ఉన్న మనిషి ఏ వైపు కూర్చుని వినాలి? జూలై వచ్చి వెళ్లింది. ఆగస్టు 5న 370 అధికరణం రద్దు. ఆ వారంలోనే రెండు దేశాల మధ్య నడిచే రైలు సంఝౌతా ఎక్స్‌ప్రెస్ ఆగిపోయింది. రెండు ప్రభుత్వాలు మాట్లాడుకోవడం మానేస్తే ఆ మౌనం మొత్తం మత్స్యలేశం గడపల మీద పడింది.

పిల్లాడు అడుగుతాడు. "అమా, నాన్న ఎప్పుడొస్తాడు?"

"వేట అయ్యాక."

2020 జనవరి 6న, పదమూడు నెలలు దాటాక, వాఘా గేటు దాటి 20 మంది ఇటు నడిచారు. కాగితాలు పూర్తికాక ఇద్దరు ఆగిపోయారు. వాళ్లూ తర్వాత వచ్చారు. రాష్ట్ర మత్స్యశాఖ మంత్రి మోపిదేవి వెంకటరమణ సరిహద్దు దగ్గర ఎదురెళ్లారు. అప్పటికి ముఖ్యమంత్రి అయిన జగన్‌మోహన్ రెడ్డి మనిషికి 5 లక్షల రూపాయలు ఇచ్చారు. సినిమా అయితే అక్కడ ముగుస్తుంది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 'తండేల్' ఈ ఊరి కథ మీదే అల్లుకున్నది.

ఊరి కథ అక్కడ ముగియలేదు. వాఘా దాటి మూడు నెలలు కాకముందే కోవిడ్ లాక్‌డౌన్ వచ్చింది. వెరావల్ రేవులో నాలుగు వేల మందికి పైగా ఉత్తరాంధ్ర మత్స్యకారులు చిక్కుకుపోయారు. ఒడ్డు మీద ఉండడానికి ఇల్లు లేదు. ఇరుకు బోట్లలోనే వండుకుని, అక్కడే పడుకుని, వారాలు గడిపారు. ఏప్రిల్ ఆఖర్న బస్సులు కడితే, దేశం అడ్డంగా దాటుకుని వచ్చారు. ఇరవై రెండు మంది పట్టుబడ్డప్పుడు మనకు ఒక ఊరి పేరు తెలిసింది. నాలుగు వేల మంది చిక్కుకున్నప్పుడు గానీ ఆ తీరం ఎంత ఖాళీ అయిపోయిందో తెలియలేదు.

ఇకముందు ఏమిటి? తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజుల భృతి 2019లో 4 వేల నుంచి 10 వేలకు, 2025లో 20 వేలకు పెరిగింది. 2025 ఏప్రిల్ 26న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ డబ్బు అందించింది ఎచ్చెర్ల మండలంలోని బుడగట్లపాలెంలోనే. రాష్ట్రంలో కట్టాలనుకున్న రెండో విడత ఫిషింగ్ హార్బర్లలో ఆ ఊరి పేరు ఉంది. భృతి రెండు నెలలు పొయ్యి వెలిగిస్తుంది. హార్బరు నిలబడితే, ఐసు ఫ్యాక్టరీ, వేలంపాట, రిపేరు షెడ్డు దాని వెంట వస్తే, కనీసం కొందరికైనా రైలు ఎక్కే పని తప్పుతుంది. ఆ రేవు పూర్తి కావాలని, మా చెరువు కట్ట మీది గోల ఆ ఒడ్డున వినపడాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

ఎండాకాలంలో మత్స్యలేశం నిండుగా ఉంటుంది. పెళ్లిళ్లు అప్పుడే. పేకాట, తగువులు, తెప్పలకు రంగులు, తండ్రి భుజమ్మీద పిల్లలు. ఆగస్టులో మళ్లీ సంచులు సర్దుతారు. ఎండు చేపలు ఒక మూట, ఆవకాయ ఒక డబ్బా, ఆధార్ కార్డు మాత్రం చొక్కా లోపలి జేబులో.